బోరు నీళ్లు, ముదురు రంగు కారు: ఇంటి దగ్గరే కడగడం, పాలిష్ చేయడం, రంగును కాపాడుకోవడం

వాసు_కాడుగోడి
అందరికీ నమస్కారం. బెంగళూరులో కాడుగోడి వైపు ఒక అపార్టుమెంటులో ఉంటున్నాము. ఈ మధ్యనే ముదురు నీలం రంగు సెడాన్ తీసుకున్నాము. మాకు కేటాయించిన పార్కింగ్‌కు పైకప్పు లేదు. ఒకపక్క పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది, రెండోపక్క కొత్త టవర్ కడుతున్నారు కాబట్టి సిమెంటు దుమ్ముకు కొదవ లేదు. కార్లు తుడిచే అబ్బాయి రోజూ తెల్లవారకముందే వచ్చి, ఒక బకెట్టు నీళ్లు, ఒక గుడ్డతో వరుసలోని కార్లన్నీ తుడిచి వెళ్తాడు. మధ్యాహ్నం ఎండ పడినప్పుడు బానెట్ మీద సాలెగూడు లాంటి సన్నటి గీతలు, వాటి మధ్య తెల్లటి నీటి మచ్చలు కనిపిస్తున్నాయి.

ఇకపై వారానికోసారి నేనే కడుక్కోవాలని అనుకుంటున్నాను. మా దగ్గర ఉన్నది బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు. వీటితో మచ్చలు పడకుండా కడగడం సాధ్యమేనా? ఈ గీతలు పోవాలంటే పాలిష్ తప్పదా? షోరూములో సిరామిక్ కోటింగ్ (రంగు మీద గట్టిపడే పలుచటి రక్షణ పూత) వేయించుకోమని గట్టిగా చెప్పారు, అది ఇప్పుడే అవసరమా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

రంగుల_రసాయనం
వాసు గారూ, పెయింట్ల తయారీ రంగంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి ముందుగా మీ కారు మీద ఏముందో చెబుతాను. అది తెలిస్తే మిగతా నిర్ణయాలు మీరే తీసుకోగలరు.

ఇనుప రేకు మీద తుప్పును ఆపే ఈ-కోట్, దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికన్నా పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కార్లలో ఇవన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటే, అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మీకు కనిపిస్తున్న గీతలు ఆ క్లియర్ కోట్ పైపైన పడినవి. పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు, గీత చుట్టూ ఉన్న పొరను గీత అడుగుదాకా అరగదీసి చదును చేయడం. గట్టి కాంపౌండుతో, అంటే గరుకు పాలిష్‌తో, ఒక్కసారి చేస్తేనే కొన్ని మైక్రాన్లు పోతాయి. పోయిన పొర తిరిగి రాదు. అందువల్ల కారు జీవితకాలంలో పాలిష్ ఎన్నిసార్లు చేయించుకోవచ్చన్నదానికి ఒక హద్దు ఉంది. కడిగే పద్ధతి మార్చకుండా పాలిష్ చేయిస్తే ఆ హద్దును వృథాగా ఖర్చుపెట్టినట్టే అవుతుంది.

గీతలు పడటానికి కారణం ఆ గుడ్డ కాదు, గుడ్డలో చిక్కుకున్న మట్టి. మన దుమ్ములో ఇసుక, అంటే సిలికా, ఎక్కువగా ఉంటుంది. అది క్లియర్ కోట్ కన్నా చాలా గట్టిది. ఎండిన దుమ్ము మీద పొడిగుడ్డతో గాని, కాస్త తడి చేసిన గుడ్డతో గాని గుండ్రంగా రుద్దిన ప్రతిసారీ ఆ రేణువులు పొరను గీస్తాయి. ముదురు రంగుల మీద అది త్వరగా బయటపడుతుంది. తెల్లకారు మీద కూడా అన్నే గీతలుంటాయి, కంటికి ఆనవు.

మూర్తి_రాజాజీనగర్
పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పదేళ్లకు పైబడి మా ఇంటి కార్లను నేనే కడుగుతున్నాను కాబట్టి కడిగే క్రమాన్ని వివరంగా రాస్తాను. నా దృష్టిలో కారు రక్షణలో ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది.

మొదటి నియమం, ఎండలో కడగకూడదు. బానెట్ మీద అరచేయి పెడితే చల్లగా తగలాలి. వేడిగా ఉన్న రేకు మీద షాంపూ, నీళ్లు క్షణాల్లో ఎండి మచ్చలుగా మిగులుతాయి. ఉదయం ఏడులోపు గాని, సూర్యాస్తమయం తర్వాత గాని మొదలుపెట్టండి.

చక్రాలను ముందు కడగండి, వాటికి విడిగా ఒక బకెట్టు, ఒక బ్రష్షు, పాత గుడ్డ ఉంచుకోండి. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి రిమ్ముల మీద పేరుకుని ఉంటుంది. ఆ గుడ్డ పొరపాటున కూడా బాడీ మీదికి రాకూడదు.

తర్వాత కారును ముట్టుకోకుండా పైనుంచి కిందికి నీళ్లు కొట్టి వదులు మట్టిని దింపాలి. ప్రెషర్ వాషర్ ఉంటే నాజిల్‌ను అడుగు దూరానికి దగ్గరగా తేకండి. రాయి తగిలి పెచ్చు ఊడిన చోట, స్టిక్కర్ల అంచుల దగ్గర, రబ్బరు బీడింగుల దగ్గర ఇంకా దూరం పాటించండి. ఫోమ్ గన్ ఉంటే నురుగు పట్టించి నాలుగైదు నిమిషాలు నాననివ్వండి, కాని ఆరిపోనివ్వకండి.

ఇప్పుడు అసలు కడగడం. రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. రెండింటి అడుగునా జల్లెడ లాంటి గ్రిట్ గార్డ్ వేస్తే దిగిన మట్టి మళ్లీ పైకి లేవదు. చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్‌ను షాంపూలో ముంచి ఒక్క భాగం మాత్రమే, అంటే సగం రూఫ్ గాని, ఒక తలుపు గాని, తుడవాలి. వెంటనే ఉత్త నీళ్ల బకెట్టులో గ్రిట్ గార్డుకు రాస్తూ జాడించి, పిండి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. చేయి గుండ్రంగా తిప్పకుండా కారు పొడవునా తిన్నగా కదపాలి. రూఫ్, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పైసగం పూర్తయ్యాక, మట్టి ఎక్కువగా ఉండే తలుపుల కిందిసగం, బంపర్లు చివరికి ఉంచుకోండి. పని అయ్యాక ఉత్త నీళ్ల బకెట్టు అడుగు చూడండి. ఎర్రమట్టితో పాటు చిన్న చిన్న మెరిసే రేణువులు కనిపిస్తాయి. ఒకే బకెట్టుతో కడిగితే అవన్నీ తిరిగి కారు మీదికే వెళ్లేవి.

గిన్నెలు తోమే ద్రవం, బట్టల సబ్బుపొడి వాడకండి. గిన్నెల ద్రవం జిడ్డును ఎలా విడదీస్తుందో, రంగు మీద రక్షణగా రాసే వ్యాక్స్‌నూ అలాగే బలహీనపరుస్తుంది. సబ్బుపొడిలో క్షారగుణం ఎక్కువ. పీహెచ్ తటస్థంగా ఉండే, అంటే ఆమ్లగుణం గాని క్షారగుణం గాని లేని, కారు షాంపూ చిన్న సీసా కొన్నా చాలాకాలం వస్తుంది. బెంగళూరు జేసీ రోడ్డు దుకాణాల్లోను, ఆన్‌లైన్‌లోను దొరుకుతుంది.

ఆరబెట్టడానికి మెత్తటి, దళసరి మైక్రోఫైబర్ టవల్ వాడండి. రుద్దకుండా టవల్‌ను పరిచి మెల్లగా లాగితే నీళ్లు అదే పీల్చుకుంటుంది. టవల్ నేల మీద పడితే ఉతికేదాకా దాన్ని మళ్లీ వాడకండి. చివరగా కారును వీధి చివరిదాకా నడిపి నాలుగైదుసార్లు బ్రేకు వేయండి, డిస్కుల మీద తడి ఆరిపోతుంది.

న్యాయపథం
నీళ్ల విషయంలో ఒక హెచ్చరిక. 2024 మార్చిలోను, మళ్లీ 2025 ఫిబ్రవరిలోను బెంగళూరు జల మండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించింది. జరిమానా 5,000 రూపాయలు. 2025 ఉత్తర్వు ప్రకారం మళ్లీ ఉల్లంఘిస్తే ఆ 5,000కు తోడు రోజుకు 500 రూపాయలు అదనం. వేసవి వచ్చినప్పుడల్లా ఆ సంవత్సరపు ఉత్తర్వు ఏమిటో చూసుకుని పని మొదలుపెట్టండి. నిషేధం లేని నెలల్లోనైనా సరే, గొట్టం వదిలేసి అరగంట కారు కడిగితే పక్క వీధిలో ఒక కుటుంబం ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ ఉంటుందన్నది గుర్తుంచుకోవాలని నా విన్నపం.

సుజాత_ఎలక్ట్రానిక్‌సిటీ
న్యాయపథం గారు చెప్పిన కారణంగానే మేము రిన్స్‌లెస్ వాష్ పద్ధతికి మారాము. ఒక్క బకెట్టు నీళ్లతో కారు మొత్తం శుభ్రమవుతుంది, మళ్లీ నీళ్లు పోసి కడగనక్కరలేదు. ఇందులో వాడే ద్రవం మామూలు షాంపూ కాదు. అందులోని పాలిమర్లు మట్టి రేణువులను చుట్టుముట్టి జారేలా చేస్తాయి. నేను వాడే రకానికి ఏడెనిమిది లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు చాలు. అయితే సీసా మీద రాసిన కొలతనే పాటించండి.

చిన్న మైక్రోఫైబర్ గుడ్డలు ఏడెనిమిది ఆ నీళ్లలో నానబెట్టుకోవాలి. అదే నీళ్లను స్ప్రే సీసాలో కూడా పోసుకుని, తుడవబోయే భాగం మీద ముందుగా చల్లి ఒక నిమిషం ఆగాలి. గుడ్డను రెండుసార్లు మడిస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక్కో ముఖంతో ఒక్కో చోట ఒకేసారి తిన్నగా తుడిచి, తర్వాతి ముఖానికి మారాలి. అన్ని ముఖాలూ వాడేసిన గుడ్డను తిరిగి బకెట్టులో వేయకూడదు, పక్కన పడేసి కొత్తది తీసుకోవాలి. ఈ ఒక్క నియమం తప్పితే ఈ పద్ధతికి అర్థమే లేదు. వానలో చిత్తడి రోడ్ల మీద తిరిగి వచ్చి, తలుపుల కింద మట్టి గడ్డకట్టి ఉంటే మాత్రం దీన్ని వాడకండి. అప్పుడు ముందుగా నీళ్లు కొట్టాల్సిందే.

ఇక బోరు నీళ్ల మచ్చలు. మీ బాత్రూము కుళాయికి పట్టే తెల్లటి పొరా, కారు మీది మచ్చా ఒకటే పదార్థం, నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు ఆవిరైపోతాయి, అవి మిగిలిపోతాయి. అందుకే చివరిసారి పోసే నీళ్లు ఏవన్నదే ముఖ్యం. మేము ఏసీ నుంచి కారే నీళ్లను క్యానులో పట్టి ఉంచుకుంటాము. గాలిలోని తేమ చల్లబడి నీరుగా మారి వచ్చినవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. పలుచటి గుడ్డతో వడగట్టి, కారు మీద మగ్గుతో చివరిగా పోస్తే మచ్చలు పడవు. వాననీళ్లు పట్టుకునే ఏర్పాటు ఉన్న ఇళ్లలో ఆ నీళ్లూ ఇంతే మంచివి.

ప్రభాకర్_హెబ్బాళ
మా ఇంట్లో ఆర్వో యంత్రం వదిలే నీళ్లతోనే కారు కడుగుతున్నాము. వృథా నీళ్లు ఉపయోగపడుతున్నాయి కదా, ఇందులో ఇబ్బంది ఏముంది?

సుజాత_ఎలక్ట్రానిక్‌సిటీ
ప్రభాకర్ గారూ, వృథా కాకూడదన్న మీ ఆలోచన మంచిదే. కాని ఆర్వో పొర వడగట్టిన లవణాలన్నీ ఆ వదిలేసిన నీళ్లలోకే చేరతాయి కాబట్టి అవి మీ బోరు నీళ్లకన్నా కూడా గట్టి నీళ్లు. చక్రాలకు, చక్రాల పైన ఉండే గుంతలకు, కాలిమ్యాట్లకు నిశ్చింతగా వాడండి. బాడీ మీద వాడితే మాత్రం ఆరకముందే తుడిచేయండి, చివరి జాడింపుకు వాడకండి. అపార్టుమెంటు ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రంలో) శుద్ధి చేసిన నీళ్లకూ ఇదే వర్తిస్తుంది. మొదటి దఫా మట్టి దింపడానికి అవి చాలు.

రంగుల_రసాయనం
దీనికి ఒక కొలత జోడిస్తాను. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో గట్టిదనం, అంటే ఆ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా అనుమతిస్తారు. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా కారు మీద మచ్చ పెట్టగలవు. ఇప్పటికే పడిన మచ్చలు కొత్తవైతే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి, చల్లగా ఉన్న రేకు మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి, బాగా కడిగేయండి. పోకపోతే ఆ లవణాలు పొరలోకి తినేశాయని అర్థం. వాటికి పాలిష్ తప్ప మార్గం లేదు.

వాసు_కాడుగోడి
ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక సంగతి నన్ను ఇబ్బంది పెడుతోంది. తుడిచే అబ్బాయిని మానిపించమని మీరందరూ చెప్పకుండానే చెబుతున్నారు. రాయచూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి ఈ పని మీదే ఇల్లు నడుపుకుంటున్నాడు. అతని నెల జీతం తీసేయడం నాకు ఇష్టం లేదు.

మూర్తి_రాజాజీనగర్
మానిపించనక్కరలేదు వాసు గారూ. పని మార్చండి, జీతం మార్చకండి. మా వీధిలో మేము చేసింది చెబుతాను. బాడీని రోజూ తుడవవద్దని చెప్పి, దాని బదులు రోజూ అద్దాలు, వైపర్లు, లోపలి కాలిమ్యాట్లు, వారానికి రెండుసార్లు చక్రాలు శుభ్రం చేయమన్నాము. అద్దాలకు వేరుగా, చక్రాలకు వేరుగా రెండు రంగుల గుడ్డలు మేమే కొనిచ్చాము. కొన్నాళ్లకు సుజాత గారు చెప్పిన రిన్స్‌లెస్ పద్ధతిని కూడా నేర్పించాము. ఇప్పుడు ఆ పనికి వేరే కార్లవాళ్లు అతనికి ఎక్కువ ఇస్తున్నారు. కిరోసిను కలిపిన గుడ్డతో తుడిస్తే మెరుస్తుందని కొందరు చేయిస్తుంటారు. ఆ మెరుపు జిడ్డుది, గంట తిరిగేసరికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. అది మాత్రం వద్దని చెప్పండి.

తీరం_తిరువాన్మియూరు
నేను చెన్నైలో సముద్రానికి దగ్గరగా ఉంటున్నాను. బెంగళూరువారికి మట్టి శత్రువైతే మాకు ఉప్పు. ఈసీఆర్ (తీరం వెంట సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఒక సాయంత్రం తిరిగి వచ్చినా అద్దం మీద పలుచటి ఉప్పుపొర వేలికి తగులుతుంది. తుప్పు కనిపించే చోట మొదలవదు. తలుపుల అడుగు అంచులోని నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే లోపల నీళ్లు నిలిచి అక్కడ మొదలవుతుంది. వాటిని సన్నటి పుల్లతో శుభ్రంగా ఉంచుకోండి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మేము కారు అడుగుభాగానికి నీళ్లు కొట్టడం మానము. ఒక్క మాట, తీరంలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి ఆ పనికి మెట్రో నీళ్లో (నగర జల మండలి సరఫరా చేసేవి), వాననీళ్లో వాడతాము.

మూర్తి_రాజాజీనగర్
ఇప్పుడు పాలిష్ గురించి. వాసు గారి కారు కొత్తది కాబట్టి తొందరపడవద్దని నా సలహా. ముందు నెలా రెండు నెలలు సరైన పద్ధతిలో కడగండి, ఆ తర్వాత ఒక్కసారి తేలికపాటి పాలిష్ సరిపోతుంది.

పాలిష్‌కు ముందు ఒక పరీక్ష చేయండి. కడిగి ఆరబెట్టిన బానెట్ మీద, చేతికి పలుచటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని వేళ్లు ఆనించి మెల్లగా జరపండి. ఉత్తచేతికి నున్నగా అనిపించిన చోటే సంచిలోంచి గరగరమని తగులుతుంది. అవి పొరలో దిగబడిన ఇనుప రజను, సిమెంటు, తారు తుంపరలు. ముందు ఐరన్ రిమూవర్ చల్లండి. ఇనుము ఉన్నచోట అది ఊదారంగులోకి మారి ధారగా కారుతుంది. కడిగేశాక, జారుడు ద్రవం ధారాళంగా చల్లుతూ, మెత్తటి బంకముద్దలా ఉండే క్లే బార్‌ను నొక్కకుండా తిన్నగా నడపండి. మొదట్లో చేతికి పట్టినట్టుండి, నాలుగైదుసార్లు పోయేసరికి చప్పుడు లేకుండా జారుతుంది. మట్టి అంటిన ముఖాన్ని లోపలికి మడిచి కొత్త ముఖం తీయండి. కింద పడిన క్లేను పారేయండి.

యంత్రంతో చేయాలనుకుంటే డ్యుయల్ యాక్షన్ యంత్రమే తీసుకోండి. అది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకే చోట వేడి పుట్టదు. రోటరీ యంత్రం చేయితిరిగిన పనివాళ్లకే. అంచుల దగ్గర క్షణంలో రంగుదాకా తినేస్తుంది. మెత్తటి ఫోమ్ ప్యాడు, సన్నటి పాలిష్‌తో ఒక మూల రెండడుగుల చదరం మీద ప్రయత్నించి, టార్చి వెలుతురులో చూసుకోండి. అది చాలకపోతేనే గట్టిదానికి వెళ్లండి. రబ్బరు, నల్ల ప్లాస్టిక్ భాగాలకు, పదునైన అంచులకు ముందే మాస్కింగ్ టేపు అతికించండి. గోరుతో అడ్డంగా గీరితే గోరు ఆగే గీతలు పాలిష్‌తో పోవు, వాటి వెంట పడి పొరను పోగొట్టుకోకండి.

కిరణ్_బెళ్లందూరు
సిరామిక్ వేయించుకుంటే ఈ బాధలన్నీ ఉండవు కదా? 9హెచ్ గట్టిదనం అంటున్నారు, గీతలే పడవని రాసిచ్చే స్టూడియోలు ఉన్నాయి.

రంగుల_రసాయనం
కిరణ్ గారూ, ఆ 9హెచ్ పెన్సిల్ గట్టిదనపు పరీక్షలో వచ్చే అంకె. పెన్సిల్ మొనలు పొరను గీస్తాయో లేదో చూసే పరీక్ష అది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ కొలమానానికీ దానికీ సంబంధం లేదు. ఇసుకరేణువు ఏ సిరామిక్ పొరనైనా గీయగలదు. ఆ పొర మందం కూడా ఒకటి రెండు మైక్రాన్ల స్థాయిలోనే ఉంటుంది.

దాని నిజమైన మేలు వేరు. మట్టి గట్టిగా అతుక్కోదు, కడగడం సులువవుతుంది, రసాయనాలను, ఎండను వ్యాక్స్‌కన్నా బాగా తట్టుకుంటుంది. బోరు నీళ్ల మచ్చలు మాత్రం దాని మీదా పడతాయి. నీళ్లు గుండ్రటి బొట్లుగా నిలిచి ఆరిపోతే ప్రతి బొట్టూ ఒక వలయాన్ని మిగులుస్తుంది. రాయి తగిలి పెచ్చు ఊడకుండా కాపాడేది పీపీఎఫ్, అంటే 150 నుంచి 200 మైక్రాన్ల మందముండే పాలీయురేథేన్ ఫిల్మ్. ఖరీదు ఎక్కువ కాబట్టి హైవే ప్రయాణాలు ఎక్కువగా చేసేవారు బానెట్‌కు, ముందు బంపరుకు మాత్రం వేయించుకోవచ్చు.

ఇంటి దగ్గరే అయితే నా ఓటు వ్యాక్స్ లాగే రాసుకునే కృత్రిమ రక్షణ పూత, సింథటిక్ సీలెంట్‌కే. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వ్యాక్స్ ముదురు రంగులకు మంచి నిగారింపునిస్తుంది గాని మన ఎండలకు కొన్ని వారాలకు మించి నిలవదు. సీలెంట్ నాలుగైదు నెలలు వస్తుంది. పలుచగా రాయడమే మెళకువ, మందంగా రాస్తే తుడవడం కష్టం తప్ప లాభం లేదు. ఫ్యాక్టరీ రంగును ఎక్కువ వేడిలో కాలుస్తారు కాబట్టి కొత్త కారుకు వెంటనే రాయవచ్చు. గ్యారేజీలో మళ్లీ రంగు వేయించిన భాగానికి మాత్రం నెలరోజులు ఆగండి.

సుజాత_ఎలక్ట్రానిక్‌సిటీ
నిద్రగన్నేరు కింద నిలిపే కారు కాబట్టి ఇంకో రెండు మాటలు. పక్షిరెట్టను కనిపించిన రోజే తీసేయండి. దానిలోని ఆమ్లం ఎండ తోడైతే ఒక్క మధ్యాహ్నంలోనే పొరను తినగలదు. గీకకుండా, తడిపిన గుడ్డను దాని మీద ఐదు నిమిషాలు పరిచి, మెత్తబడ్డాక ఎత్తేయండి. డిక్కీలో రిన్స్‌లెస్ నీళ్ల స్ప్రే, రెండు గుడ్డలు ఎప్పుడూ ఉంచుకోండి. చెట్టు నుంచి కారే జిగురు చాలావరకు రసం పీల్చే పురుగులు వదిలే తీపి ద్రవమే కాబట్టి తాజాగా ఉన్నప్పుడు గోరువెచ్చని నీళ్లకే కరుగుతుంది. గుడ్డలు ఉతికేటప్పుడు నూలుబట్టలతో కలపకండి, సువాసన కోసం వేసే కండిషనర్ వాడకండి, అది పోగుల మధ్య చేరి నీళ్లు పీల్చే గుణాన్ని పోగొడుతుంది.

వాసు_కాడుగోడి
మీరు చెప్పిన క్రమంలోనే చేస్తున్నాను. ఆదివారం ఐరన్ రిమూవర్ చల్లినప్పుడు వెనుక తలుపుల కిందిభాగం, డిక్కీ రేకు మీద ఊదారంగు ధారలు చూసి మా నాన్నగారు కారు రంగే కరిగిపోతోందేమోనని కంగారుపడ్డారు. కడిగాక సంచి తొడుక్కుని ఆయన చేతే తడిమించాను. మెత్తటి ప్యాడుతో పాలిష్ చేసి, సీలెంట్ ఒక పూత రాశాను. గీతలు చాలావరకు పోయాయి. బానెట్ మీద రెండు మూడు లోతైనవి మిగిలాయి, మూర్తి గారు చెప్పినట్టు వాటిని వదిలేశాను. తుడిచే అబ్బాయికి నాలుగు గుడ్డలు, ఒక స్ప్రే సీసా ఇచ్చాను. ఏసీ నీళ్లు పట్టే క్యాను బాల్కనీలో పెట్టాము.

ఒక్క చిన్న సందేహం మిగిలింది. వైపర్ల దగ్గరి నల్ల ప్లాస్టిక్‌కు టేపు అతికించాను గాని, ఒక మూల లేచిపోయి పాలిష్ అంటుకుని తెల్లగా ఎండిపోయింది. తడిగుడ్డకు పోవడం లేదు.

మూర్తి_రాజాజీనగర్
షాంపూ నీళ్లలో మెత్తటి పాత టూత్‌బ్రష్ ముంచి, ప్లాస్టిక్ మీది గరుకు గీతలు ఏ దిక్కున ఉన్నాయో ఆ దిక్కునే రుద్దండి. అప్పటికీ మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సమానంగా నీళ్లు కలిపి, అదే బ్రష్షుతో, పక్కనున్న రంగు మీద పడకుండా చేయండి. ఆరాక నీళ్లతో తయారైన ట్రిమ్ డ్రెస్సింగ్ (నల్ల ప్లాస్టిక్‌కు రాసే ద్రవం) పలుచగా రాయండి, నూనె గుణమున్నది వద్దు, వైపర్ల పక్కనే కాబట్టి వానలో అద్దం మీదికి జారి మసకబారుస్తుంది.